పోటీ పరీక్షల ప్రత్యేకం: గ్రీకు తత్వశాస్త్రంలో మూలకాలు

ప్రపంచం దేనితో తయారైంది? ఈ ప్రశ్నకు పురాణగాథలను పక్కనపెట్టి, తర్కంతో జవాబు వెతకడమే తొలి గ్రీకు తత్వవేత్తల ఘనత.

మూల పదార్థం – ప్రతిపాదకులు
• నీరు – థేలీస్ (మిలెటస్)
• గాలి – అనాక్సిమెనీస్ (మిలెటస్)
• నిప్పు – హెరాక్లిటస్ (ఎఫెసస్)

ఎంపెడొక్లీస్: క్రీ.పూ. 5వ శతాబ్దం, సిసిలీ ద్వీపవాసి. భూమి, నీరు, గాలి, నిప్పు నాలుగూ మూలాలే అన్నాడు. వాటిని ప్రేమ కలుపుతుందని, కలహం విడదీస్తుందని చెప్పాడు. శ్వాసక్రియను వివరించడానికి అడుగున రంధ్రాలున్న పాత్రను ఉదాహరించాడు. పై మూతిని వేలితో మూసి నీటిలో ముంచితే లోపలి గాలి అడ్డుకోవడంతో నీరు ఎక్కదు. వేలు తీయగానే గాలి బయటికి పోయి పాత్ర నిండుతుంది.

ప్లేటో: ‘తిమేయస్’ గ్రంథంలో మూలకాలకు ఆకారాలిచ్చాడు. నిప్పు చతుర్ముఖి, భూమి ఘనం, గాలి అష్టముఖి, నీరు 20 ముఖాల ఘనాకృతి.

అరిస్టాటిల్: మూలకాలను గుణాలతో ముడిపెట్టాడు.
• నిప్పు – వేడి, పొడి
• గాలి – వేడి, తడి
• నీరు – చల్లదనం, తడి
• భూమి – చల్లదనం, పొడి
ఖగోళ వస్తువులకు ఐదో మూలకంగా ‘ఈథర్’ను చేర్చాడు.

సిద్ధాంత పతనం: 1661లో రాబర్ట్ బాయిల్ ‘ది స్కెప్టికల్ కైమిస్ట్’లో ఈ మూలకాల సిద్ధాంతాన్ని ప్రశ్నించాడు. నీరు మూలకం కాదు, సమ్మేళనమని లెవోషియర్ నిరూపించాడు. 1789లో 33 మూలకాల జాబితా ప్రచురించాడు.

అభ్యర్థులకు సూచన: ‘జతపరచండి’ తరహా ప్రశ్నల కోసం అరిస్టాటిల్ గుణాలను, ప్లేటో ఆకారాలను విడివిడిగా పట్టిక వేసుకుని చదవండి.