ఎర్టిగానా, కారెన్సా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఫ్యామిలీలకు ఏ 7 సీటర్ సెట్ అవుతుంది?

ఇంట్లో ఎవరు ఫోన్ కొనాలన్నా ముందు మిమ్మల్నే అడుగుతారు కదా. ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత, ప్రాసెసర్ ఏంటి అని టకటకా చెప్పేస్తారు. ఇప్పుడు బాపు 7 సీటర్ కారు కొందామంటూ మిమ్మల్నే అడిగాడనుకోండి. ఫోన్ విషయంలో తప్పు చెబితే ఏడాదిలో మార్చేయొచ్చు. కారు ఈఎంఐ మాత్రం ఐదారేళ్లు కట్టాలి. అందుకే స్పెక్ షీట్‌ని ఫోన్ చూసినట్టు కాకుండా ఎలా చదవాలో ఈ రెండు కార్లతో నేర్చుకుందాం.

మారుతి ఎర్టిగా 2012లో వచ్చింది. ఇప్పుడున్న మోడల్ 2018 చివర్లో లాంచ్ అయింది, 2022లో కొత్త ఇంజిన్ తీసుకుంది. కియా కారెన్స్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది, తయారయ్యేది ఏపీలోని పెనుకొండ దగ్గరే. 2025లో దీనికే కారెన్స్ క్లావిస్ అనే ఖరీదైన వెర్షన్ కూడా వచ్చింది.

సైజ్: లీటర్లు చూసి మోసపోవద్దు

ఎర్టిగా పొడవు 4,435 ఎంఎం, వీల్‌బేస్ 2,740. కారెన్స్ పొడవు 4,540, వీల్‌బేస్ 2,780. వెడల్పులో కారెన్స్ 65 ఎంఎం ఎక్కువ. మధ్య సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే ఆ తేడా భుజాలకు తెలుస్తుంది.

మూడు వరసలూ నిండితే డిక్కీలో మిగిలేది ఎర్టిగాలో 209 లీటర్లు, కారెన్స్‌లో 216. అంటే రెండూ ఒకటే, రెండూ తక్కువే. ఏడుగురూ, ఏడుగురి లగేజీ అన్నది ఈ సైజ్ కార్లలో కుదరని పని. ఎర్టిగాలో మూడో వరస మడిస్తే 550 లీటర్లు దొరుకుతుంది. అంటే ఇవి అసలు ఐదుగురు ప్లస్ లగేజీ కార్లు. అప్పుడప్పుడు ఏడుగురిని మోస్తాయి, అంతే.

షోరూమ్‌లో చేయాల్సిన టెస్ట్ ఒకటుంది. మీరు కాదు, నానమ్మని వెనక వరసలోకి ఎక్కించండి. కారెన్స్ కొన్ని వేరియంట్లలో బటన్ నొక్కితే మధ్య సీటు దానంతటదే ముందుకు మడుచుకుంటుంది. ఎర్టిగాలో చేత్తో లాగాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఆ బటన్ ఏ టచ్‌స్క్రీన్ కన్నా విలువైన ఫీచర్.

ఇంజిన్: బెంచ్‌మార్క్ వేరు, వాడకం వేరు

ఎర్టిగాలో 1.5 లీటర్ పెట్రోల్, 103 పీఎస్ పవర్, 136.8 ఎన్ఎమ్ టార్క్. కారెన్స్‌లో 1.5 పెట్రోల్ 115 పీఎస్, 144 ఎన్ఎమ్. వీటితో పాటు టర్బో పెట్రోల్, డీజిల్ కూడా ఉన్నాయి. డీజిల్ పవర్ దాదాపు 115 పీఎస్సే, కానీ టార్క్ 250 ఎన్ఎమ్. అదీ 1,500 ఆర్‌పీఎం నుంచే దొరుకుతుంది. ఎర్టిగా తన పూర్తి టార్క్ ఇవ్వాలంటే 4,400 ఆర్‌పీఎం దాకా తిప్పాలి.

ఫోన్ భాషలో చెప్పాలంటే పీక్ స్కోర్ కాదు, గేమ్ అరగంట ఆడాక ఎంత స్మూత్‌గా ఉందన్నదే లెక్క. ఒక్కరే నడిపినప్పుడు ఎర్టిగా హాయిగా పోతుంది. ఏసీ వేసి, ఏడుగురు ఎక్కి, ముందున్న లారీని దాటాలంటే గేర్ తగ్గించి గట్టిగా తొక్కాల్సిందే.

అసలు విషయం: ఏ ఇంధనం?

ఎర్టిగాకున్న పెద్ద బలం కంపెనీ ఫిట్టెడ్ సీఎన్‌జీ. గ్యాస్ రెగ్యులేటర్ మ్యాప్‌లో జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్, రెండు వరంగల్ జిల్లాలూ కలిపి ఒకే పంపిణీ ఏరియా. అయితే మ్యాప్‌లో ఉండటం వేరు, మీ రోజువారీ దారిలో బంకు ఉండటం వేరు. బుకింగ్‌కి ముందే ఒక ఆదివారం బైక్ మీద వెళ్లి మూడు సంగతులు చూడండి: బంకు ఎంత దూరం, క్యూ ఎంత, స్టాక్ రోజూ ఉంటుందా.

ఇక లెక్క. కంపెనీ చెప్పే మైలేజీ ఎర్టిగా పెట్రోల్ మాన్యువల్‌కి 20.51, సీఎన్‌జీకి కిలోకు 26.11, కారెన్స్ డీజిల్ మాన్యువల్‌కి 21.3. నేను ఎప్పుడూ 20 శాతం కోసేస్తాను. అంటే వరసగా 16.4, 20.9, 17. పెట్రోల్ రూ.107.5, డీజిల్ రూ.96, సీఎన్‌జీ రూ.95 అనుకుందాం. మీ బంకు రేటు వేరైతే అదే వేసుకోండి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే ఎర్టిగా పెట్రోల్‌కి సుమారు రూ.6,550, సీఎన్‌జీకి రూ.4,550, కారెన్స్ డీజిల్‌కి రూ.5,650.

సీఎన్‌జీతో నెలకు రూ.2,000 మిగులుతుంది. కానీ సీఎన్‌జీ వేరియంట్‌కి పెట్రోల్ కన్నా దాదాపు రూ.95,000 ఎక్కువ పెట్టాలి. ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగితే రెండేళ్లు. 500 తిరిగితే ఎనిమిదేళ్లు, అంటే దండగే. పైగా సిలిండర్ డిక్కీలో కూర్చుంటుంది. మేడారం జాతరకి ఏడుగురు బయల్దేరితే బంగారం, అదే బెల్లం, ఒళ్లో పెట్టుకోవాల్సి వస్తుంది. మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టింగ్ కూడా మర్చిపోవద్దు.

డీజిల్‌కీ ఒక మెలిక ఉంది. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రం కావాలంటే అప్పుడప్పుడు హైవే మీద కొంతసేపు ఆగకుండా పోవాలి. ఇంటి నుంచి బజార్‌కి, బజార్ నుంచి ఇంటికి మాత్రమే తిరిగితే వార్నింగ్ లైట్ వెలుగుతుంది.

మన దారుల్లో

జనగామ వాళ్లకు ఎన్‌హెచ్ 163 ఇంటి ముందే, హైదరాబాద్ సుమారు 85 కిలోమీటర్లు. వారం వారం వెళ్లొచ్చే కుటుంబమైతే డీజిల్ కారెన్స్ నాకు నచ్చిన ఆప్షన్. దారిలో బంకు ఖాయమైతే సీఎన్‌జీ ఎర్టిగా.

భూపాలపల్లికి రైలు లేదు, కాబట్టి కారే బస్సు, కారే అంబులెన్స్. పరకాల మీదుగా హనుమకొండ పోయే దారిలో బొగ్గు లారీలను దాటుకుంటూ పోవాలి. ఇక్కడ టార్క్ లగ్జరీ కాదు, సేఫ్టీ. డీజిల్‌కే నా ఓటు.

మహబూబాబాద్‌లో దూర ప్రయాణాలకు కాజీపేట–విజయవాడ లైన్ రైళ్లున్నాయి. కారు ఎక్కువగా తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ లాంటి చుట్టుపక్కల పనులకే అయితే పెట్రోల్ ఎర్టిగా చాలు, మిగిలిన డబ్బు ఇంట్లో ఉంటుంది. ఒక్క మాట. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగి మరిపెడ దగ్గర ఏం జరిగిందో మనకు గుర్తుంది. కారెన్స్ గ్రౌండ్ క్లియరెన్స్ 195 ఎంఎం అని చూసి వాగు దాటొచ్చు అనుకోకండి. పారే నీళ్లు రెండడుగులు ఉంటే చాలు, చాలా కార్లు కొట్టుకుపోతాయి.

సేఫ్టీ, టెక్

6 ఎయిర్‌బ్యాగులు కారెన్స్‌లో మొదటి నుంచీ అన్ని వేరియంట్లకూ ఉన్నాయి. ఎర్టిగాలో 2025లో స్టాండర్డ్ అయ్యాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2024 టెస్టులో, రెండే ఎయిర్‌బ్యాగులున్న ఆఫ్రికా వెర్షన్ ఎర్టిగాకి పెద్దల భద్రతలో 1 స్టార్ వచ్చింది. కారెన్స్ కథ ఇంకా విచిత్రం. అదే ఏడాది మొదటి శాంపిల్‌కి 0, మార్పులతో వచ్చిన రెండోదానికి 3. అంటే సెకండ్ హ్యాండ్‌లో కొంటే తయారీ తేదీ కూడా చూడాలి. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు కారెన్స్‌కే ఉన్నాయి, ఎర్టిగా వెనక డ్రమ్.

స్క్రీన్ పెద్దదైతే మంచిదనుకునేవాళ్లకు చిన్న షాక్: 2022 కారెన్స్‌లో 8 అంగుళాల స్క్రీన్‌కి వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో ఉంది, 10.25 అంగుళాల దానికి కేబుల్ కావాల్సిందే.

ధర విషయానికొస్తే 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతమే, సెస్ లేదు. ఆ తర్వాత ఎర్టిగా రూ.9 లక్షల లోపు, కారెన్స్ రూ.11 లక్షల దగ్గర మొదలయ్యాయి. ఇక్కడో ట్రిక్ ఉంది. తెలంగాణలో రూ.10 లక్షలు దాటగానే లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది, అదీ మొత్తం ధర మీద. కాబట్టి ఎక్స్ షోరూమ్ రేట్లు పోల్చకండి, రెండింటికీ ఆన్ రోడ్ కొటేషన్ చేతిలో పెట్టుకోండి. అలాగే దగ్గరి సర్వీస్ సెంటర్ ఎన్ని కిలోమీటర్లో మ్యాప్స్‌లో చూసి ఆ కాగితం మీదే రాసుకోండి. టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం ఒక్కరే వెళ్లొద్దు. ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించి, ఏసీ ఫుల్‌గా పెట్టి, ఒక ఫ్లైఓవర్ ఎక్కించి చూడండి.