చలిగాలిలో సైకిలు ప్రయాణం – మన కళ్ళు

డిసెంబరు, జనవరి నెలలలో మన కంటి విభాగానికి వచ్చేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "సైకిలెక్కితే చాలు, కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయండీ." తెల్లవారుజామున పాలు పోసేవారు, పేపరు వేసే కుర్రవాళ్ళు, ట్యూషన్‌కు వెళ్ళే పిల్లలు, చీకటితోనే పొలానికి బయలుదేరే పెద్దలు అందరిదీ ఇదే బాధ. ఆదిలాబాదు, పాడేరు, లంబసింగి వైపు చలి సంగతి అక్కడివారికి మనము చెప్పనక్కరలేదు. చలి అంతగా లేని ఊళ్ళలో కూడా సైకిలు మీద వెళ్ళేవారికి గాలి దెబ్బ తప్పదు. ఆకు కదలని రోజున కూడా గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కితే ముఖానికి అంతే వేగంతో గాలి తగులుతుంది. ఎదురుగాలి మరో 10 కిలోమీటర్లుంటే రెండూ కలిసి 25.

నీళ్ళు కారే కన్ను – ఎండిపోతున్న కన్ను

వినడానికి వింతగా ఉంటుంది గాని, గాలిలో నీళ్ళు కారేది కన్ను ఎండిపోతున్నందువల్లనే. మన కంటి మీద ఎప్పుడూ పలుచని కన్నీటి పొర ఉంటుంది. అడుగున జిగురు, మధ్యలో నీరు, పైన సన్నని నూనె. ఈ నూనె రెప్పల అంచులలోని చిన్న గ్రంథుల నుండి వస్తుంది, నీరు త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. రెప్ప వేసిన ప్రతిసారీ, తడిగుడ్డతో గచ్చు తుడిచినట్లు, ఈ పొర మళ్ళీ కన్నంతా పరచుకుంటుంది. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు రెప్ప వేస్తాము. అయితే మసక చీకటిలో గుంటలు చూసుకుంటూ సైకిలు తొక్కేటప్పుడు రెప్ప వేయడం తగ్గిపోతుంది. ఈ లోపల గాలి తడిని ఆర్పేస్తుంది. కన్ను చురుక్కుమంటుంది. వెంటనే కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్ళు వదులుతుంది. ఆ నీరు కంటిపై నిలవదు, చెంపల మీదికి జారిపోతుంది. కొంత కంటి మూలనున్న సన్నని రంధ్రాల గుండా ముక్కులోకి దిగుతుంది. సైకిలు దిగేసరికి ముక్కు కూడా కారడానికి ఇదొక కారణం.

మంచు పట్టిన ఉదయం గాలి తడిగానే ఉంటుంది కదా, అప్పుడెందుకు ఆరుతుంది అని అడిగేవారున్నారు. మంచి ప్రశ్నే. చల్లని గాలి మోయగల తేమ తక్కువ. అదే గాలి వెచ్చని కంటిని తాకి కొంచెం వేడెక్కగానే ఇంకా తేమను పీల్చుకోగలదు. దానికి దగ్గరలో దొరికేది కంటి తడే.

సైకిలు దిగిన కొద్దిసేపటికి నీళ్ళు ఆగిపోయి, చూపు మామూలుగా ఉంటే అది జబ్బు కాదు, మందు అవసరం లేదు. చలిగాలికి కళ్ళకలక వస్తుందనీ, శుక్లాలు వస్తాయనీ కొందరి నమ్మకం. కళ్ళకలక చాలావరకు క్రిముల వల్ల, కొందరికి ఎలర్జీ వల్ల వస్తుంది. శుక్లాలు ఎక్కువగా వయసుతో వస్తాయి. గాలిని అనవలసిన పని లేదు.

కావలసినది మందు కాదు, అడ్డు. కంటి పక్కలను కూడా కప్పే, రంగులేని ప్లాస్టిక్ అద్దాలు చాలు. ఖరీదైనవి అక్కరలేదు. చదువుకునే దగ్గర చూపు అద్దాలు మాత్రం పెట్టుకోకండి, రోడ్డు మసకగా కనబడుతుంది. నల్ల అద్దాలు ఎండ వచ్చాక మంచివే, తెల్లవారుజామున ప్రమాదం. మఫ్లరును ముక్కు మీదుగా చుడితే ఊపిరి పైకి తన్ని అద్దాలు మసకబారుతాయి. మఫ్లరు అంచు ముక్కు కిందికి ఉండేలా కట్టుకోండి. అద్దాలకు ఒక చుక్క సబ్బునీరు రాసి మెత్తని గుడ్డతో తుడిస్తే మసక తగ్గుతుంది. దారిలో రెప్పలు గుర్తుపెట్టుకొని వేస్తుండండి. నీళ్ళు కారితే ఆగి, కన్ను మూసి శుభ్రమైన చేతిరుమాలుతో అద్దుకోండి, నలపవద్దు.

నలపవద్దని ఇంతగా ఎందుకు చెబుతున్నాము?

చలి మొదలయ్యే రోజులూ వరి నూర్పిళ్ళ రోజులూ ఒకటే. గడ్డి ట్రాక్టర్ల వెనుక, వడ్లు ఆరబోసిన రోడ్ల మీద ఊక, నుసి గాలిలో తేలుతుంటాయి. గాలికి కళ్ళు మండుతున్నాయిలే అనుకొని చేత్తో నలిపితే ఆ నుసి నల్లగుడ్డును గీస్తుంది. ఆకు, గడ్డి, ఊక గీసిన చోట బూజు జాతి క్రిములు చేరి పుండు పట్టవచ్చు. మనము భయపడేది చలిగాలికి కాదు, ఈ పుండుకు. నుసి పడితే బండి ఆపి శుభ్రమైన నీటితో రెప్పలు ఆడిస్తూ కడగండి. ఇంకా గుచ్చుతుంటే ఆ రోజే రండి. ఇక్కడ ఒక రంగుమందు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే గీత ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. నొప్పి లేని పరీక్ష, నిమిషాలలో అయిపోతుంది. నాలుకతో తీయించడం, చనుబాలు, ఆముదం, ఆకు పసరు వేయడం దయచేసి మానండి.

మందుల షాపులో "ఎర్ర కంటికి చుక్కలివ్వండి" అని అడిగి తెచ్చుకునే అలవాటు ఇంకా పెద్ద ప్రమాదం. డబ్బా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అనే పేర్లుంటే అవి స్టెరాయిడ్ చుక్కలు. వేసిన రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల పుండు మాత్రం లోతుకు పాకుతుంది. తగ్గిన తరువాత కూడా తెల్లని మచ్చ మిగిలి చూపు పోవచ్చు. పుండు లేనివారికి సైతం ఇవి నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు. డాక్టరు చూసి రాసినప్పుడు ఇవే మంచి మందులు. చూడకుండా వేసుకోకూడదు, అంతే.

రెప్ప సరిగా మూతపడనివారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ముఖ పక్షవాతం వచ్చినవారికి ఒక కన్ను మూతపడదు. కుష్ఠువ్యాధి చికిత్స పూర్తయి నయమైనవారిలో కూడా కొందరికి రెప్ప నరాలు బలహీనంగా మిగిలిపోతాయి, కంటికి స్పర్శ తగ్గుతుంది. నుసి పడినా వారికి నొప్పి తెలియదు. వీరు అద్దాలు లేకుండా గాలిలోకి వెళ్ళవద్దు. రోజూ ఉదయం అద్దంలో కళ్ళు చూసుకోవాలి. ఎరుపు కనబడితే నొప్పి కోసం ఎదురు చూడకుండా రావాలి.

గాలి లేకపోయినా, ఇంట్లో కూర్చున్నా ఒక కంటి నుండి నీరు కారుతుంటే కన్నీటి నాళం మూసుకుపోయి ఉండవచ్చు. పెద్దవారిలో ఇది సాధారణం. తీరిక చూసుకొని చూపించుకోండి. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డుపై తెల్లచుక్క ఉంటే తీరిక కోసం ఆగవద్దు. కాంటాక్టు లెన్సు పెట్టుకున్నవారు కన్ను ఎర్రబడగానే దాన్ని తీసివేసి రావాలి.

క్రిస్మస్ కేరల్స్‌కు రాత్రివేళ సైకిళ్ళ మీద, బండ్ల మీద తిరిగే మన యవ్వనస్థులకూ ఈ మాటలు వర్తిస్తాయి. పసిపిల్లలను బండి ముందు కూర్చోబెట్టుకుంటే మొదటి గాలి వారి కళ్ళకే తగులుతుంది. వాళ్ళను మధ్యలో, పెద్దవారి వీపు చాటున కూర్చోబెట్టండి.