దూరమునుండి వచ్చు రోగి – కలిసి పనిచేయని వైద్యులు

వైద్య పర్యాటకమనగానే విదేశీయులే స్ఫురింతురు. 2023 జూలైలో కేంద్రప్రభుత్వము వారికై ఆయుష్ వీసాను సైతము ప్రవేశపెట్టినది. కాని మన విశాఖకు కోరాపుట్, బస్తరు ప్రాంతములనుండి కిరండూల్ రైలులోను, శ్రీకాకుళమువైపునుండి బస్సులలోను చికిత్సకై వచ్చువారు ఎందరో కలరు. వారి విషయమే ఈ పాఠము.

కొన్ని సంవత్సరముల క్రిందట కోరాపుట్ జిల్లానుండి ఒక వృద్ధురాలు దగ్గుతో మద్దిలపాలెంలోని నా వైద్యశాలకు వచ్చినారు. అతిమధురము చేర్చిన కషాయమును ఇచ్చితిని. అంతకుముందే మరొక వైద్యుడు రక్తపోటుకై మూత్రము ఎక్కువగా పోవు మాత్రలను ఇచ్చియుండెను. నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు. స్వగ్రామమున రెండింటిని నెలకు పైగా సేవించగా కాళ్లలో సత్తువ సన్నగిల్లినది. మరల విశాఖకు తీసికొనివచ్చి పరీక్షించగా రక్తములో పొటాషియము బాగుగా తగ్గినట్లు తేలినది. అట్టి మాత్రలలో పెక్కు పొటాషియమును తగ్గించును. అతిమధురమును ఎక్కువకాలము వాడినచో అదియు తగ్గించును, రక్తపోటును పెంచును. ఆమె కోలుకొన్నారు. దోషము మాత్రము నాదే. నేను ఒక్క ప్రశ్న అడిగియున్నచో ఆ ప్రమాదము తప్పియుండెడిది.

వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి – ఈ నలుగురును చికిత్సకు నాలుగు పాదములని చరకాచార్యుడు చెప్పెను. గుల్మరోగమున శస్త్రము అవసరమైన దశలో ధన్వంతరి సంప్రదాయము వారికే అధికారమని ఆ గ్రంథమే అంగీకరించినది. మరి నేడు ఈ సహకారము ఏల కుదురుట లేదు?

1. ఆధిక్యభావము: ఒకరు కషాయమును పరిహసింతురు, మరొకరు మాత్రను దూషింతురు. మందలింపునకు భయపడి రోగి ఇద్దరివద్దను నిజము దాచును.

2. జీవికాభయము: వేరొకరివద్దకు పంపిన రోగి తిరిగి రాడను శంక. రోగిని పంపినందుకు కమీషను పుచ్చుకొనుట తగదని 2002 నాటి అల్లోపతి వైద్యుల నియమావళి శాసించినది. అట్టి లావాదేవీ ఉన్నదను అనుమానమే పరస్పర విశ్వాసమును చెరచును.

3. పరిభాష: మా ‘ఆమవాతము’, వారి ‘రుమటాయిడ్ ఆర్థ్రైటిస్’ పోలికగలవే గాని అన్నివిధముల ఒక్కటి కావు. ఆయుర్వేద రోగనామములకు సంకేతములను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024 జనవరిలో ప్రకటించినది. అవి ప్రతి వైద్యుని చీటీలోను వాడుకకు రావలెను.

4. బాధ్యత: రోగి ఊరు చేరిన పిమ్మట ఎవరు కనిపెట్టుకొని ఉండవలెనో ఎవరును నిర్ణయింపరు.

వైద్యులు కలియువరకు గృహస్థులు పాటింపదగినవి:

• సేవించు ప్రతి మందును – మాత్ర, చూర్ణము, లేహ్యము, పసరు – మోతాదుతో సహా ఒకే పుస్తకములో వ్రాసి, ప్రతి వైద్యునికి చూపవలెను.

• ఆసుపత్రి విడుచునపుడు డిశ్చార్జి కాగితము తీసికొని, ఊరిలో ఎవరిని సంప్రదింపవలెనో వ్రాయించుకొనవలెను.

• స్టిరాయిడ్, గుండె, మూర్ఛ, మధుమేహముల మందులను, ఎవరు చెప్పినను, ఇచ్చిన వైద్యుని అడుగక హఠాత్తుగా మానరాదు.

• రక్తపోటు, గుండె, మూత్రపిండముల వ్యాధి గలవారు అతిమధురమును స్వయముగా వాడరాదు.

• 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఉన్నచో ఆసుపత్రి పత్రములను దానికి జతపరచుకొనవచ్చును. అయినను కాగితములను పారవేయరాదు.

“ఇంకేమి మందులు వాడుచున్నారు?” అని వైద్యుడు అడుగనిచో మీరే చెప్పుడు. ఆ మాట విని విసుగుకొను వైద్యుడు, నావంటి పెద్దవాడైనను, తన పాదమును తానే కుంటి చేసికొనుచున్నాడని గ్రహింపుడు.