మీటరు లోపలి అమానత్: ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వృత్తి

ప్రతి ఏటా ఉపకార వేతనాల దరఖాస్తులు పరిశీలించే రోజుల్లో విద్యార్థులను మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "చదువయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావు?" ఎక్కువమంది "సాఫ్ట్‌వేర్" అంటారు. "ఏ సాఫ్ట్‌వేర్?" అని అడిగితే మాత్రం జవాబు రాదు. తప్పు పిల్లలది కాదు. సాఫ్ట్‌వేర్ అంటే అద్దాల మేడలో కంప్యూటరు ముందు కూర్చోవడమేనని పెద్దలమూ అనుకుంటున్నాం. ఆ ఒక్క పేరు కింద ఎన్నో వేర్వేరు పనులున్నాయి. వాటిలో ఒకదాన్ని ఈ వ్యాసంలో పరిచయం చేస్తున్నాం. మోటారు వైండింగు, టీవీ రిపేరు, మెకానిక్ షెడ్డు నడిపే ఇళ్ల నుంచి వచ్చే మన పిల్లలకు ఇది చాలా దగ్గరి పని.

ఎంబెడెడ్ అంటే ఏమిటి?

ఇంటి గోడ మీద కరెంటు మీటరు, వంటగదిలో మిక్సీ పక్కనున్న ఇండక్షన్ స్టవ్, ఆటో మీటరు, బీపీ చూసే యంత్రం, ఎన్నికల్లో మనం మీట నొక్కే ఓటింగ్ యంత్రం - వీటన్నిటి లోపలా ఒక చిన్న కంప్యూటరు ఉంది. దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు. లెక్క చేసే భాగం, గుర్తుపెట్టుకునే మెమరీ, బయటి తీగల మీద వచ్చే సంకేతాలను చదివే కాళ్లు అన్నీ ఒకే చిప్పులో ఉంటాయి. యంత్రం లోపల ఇమిడిపోయి ఉంటుంది గనుక దీన్ని ఎంబెడెడ్ అన్నారు. ఆ చిప్పు ఏం చేయాలో రాసేవాడే ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

చోటు చాలా ఇరుకు. విద్యార్థులు ఎక్కువగా వాడే ఆర్డునో ఊనో బోర్డునే తీసుకోండి. అందులో ప్రోగ్రాము దాచుకోవడానికి 32 కిలోబైట్లు, పని చేసేటప్పుడు వాడుకోవడానికి 2 కిలోబైట్లు మాత్రమే ఉంటాయి. ఫోనులో ఒక్క ఫొటోకు కూడా ఇది చాలదు. పైగా ఫోనులోని యాప్‌లో తప్పుంటే మర్నాడు సరిచేసి పంపవచ్చు. గోడకు బిగించి సీలు వేసిన మీటరును ఎవరూ విప్పి చూడరు. అది ఏళ్ల తరబడి అలా నడవాల్సిందే.

ఒక చిన్న పాఠం

ఈ పనిలో ఉండే జాగ్రత్త ఎలాంటిదో తెలియాలంటే పాత స్కూటరు మీటరును గుర్తు తెచ్చుకోండి. నాలుగు అంకెల మీటరు 9999 దాటితే మళ్లీ 0000కు వస్తుంది. చిప్పులోని లెక్క కూడా అంతే. ఎనిమిది బిట్ల గడిలో 0 నుంచి 255 వరకే పడుతుంది. ఇంకొకటి కలిపితే సున్నా అవుతుంది.

ఈ సున్నా ప్రాణాలు తీసింది. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం వల్ల 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులకు ఇవ్వాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ తగిలింది. వారిలో కొందరు చనిపోయారు. అందులో బయటపడ్డ లోపాల్లో ఒకటి ఎనిమిది బిట్ల లెక్కే. ఆ గడిలో సున్నా ఉంటే "తనిఖీ అక్కర్లేదు" అని అర్థం. ప్రోగ్రాము ప్రతిసారీ దానికి ఒకటి కలుపుతూ పోయింది. 256వ సారికి అది సున్నా అయ్యేది. సరిగ్గా ఆ క్షణంలో ఆపరేటరు మీట నొక్కితే యంత్రం తనిఖీ చేయకుండానే ముందుకు వెళ్లేది.

బోయింగ్ 787 విమానాల్లో జనరేటర్లను అదుపు చేసే పరికరం 248 రోజులు ఆపకుండా నడిస్తే లోపలి లెక్క నిండిపోయి ఆగిపోతుందని అమెరికా విమానయాన శాఖ 2015లో హెచ్చరించింది. అలాగే 32 బిట్ల గడిలో మిల్లీసెకన్లు లెక్కబెడితే 49 రోజుల 17 గంటలకు అది సున్నాకు వస్తుంది. బల్ల మీద వారం రోజులు చక్కగా నడిచిన యంత్రం యాభయ్యో రోజున తప్పు చేస్తుంది.

మరి పరిష్కారం? స్కూటరు మీటరుతోనే చూద్దాం. 9995 దగ్గర బయలుదేరి 10 కిలోమీటర్లు వెళ్లాలి. "మీటరు 0005 దాటితే ఆగు" అని రాస్తే తప్పు. 9995 అప్పటికే 0005 కంటే పెద్దది గనుక బండి కదలకుండానే ఆగిపోతుంది. "ఇప్పటి అంకెలోంచి బయలుదేరిన అంకెను తీసెయ్యి, తేడా 10 అయితే ఆగు" అని రాస్తే ఒప్పు. మీటరు 0003 చూపినప్పుడు నాలుగంకెల లెక్కలో తేడా 8 వస్తుంది. అంటే మీటరు తిరగబడినా లెక్క తప్పదు. రెండు పద్ధతులకూ తేడా ఒక్క వరుసే. ఆ ఒక్క వరుస దగ్గర ఆగి ఆలోచించడమే ఈ వృత్తి.

రోజువారీ పని

ఈ ఇంజనీరు బల్ల మీద కంప్యూటరుతో పాటు సర్క్యూట్ బోర్డు, మల్టీమీటరు, టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్, కరెంటు అలలను తెర మీద చూపే ఆసిలోస్కోపు ఉంటాయి. ఎక్కువగా రాసేది సి భాషలో. 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ తయారుచేసిన ఆ భాషే ఈ రంగంలో ఇప్పటికీ ముందుంది. రాసే సమయం కంటే చదివే సమయం ఎక్కువ. ఒక్కో చిప్పుకు వందల పేజీల డేటాషీటు ఉంటుంది. తప్పు వెతికే సమయం ఇంకా ఎక్కువ. తప్పు ప్రోగ్రాములో ఉండవచ్చు, వదులైన టంకంలో ఉండవచ్చు. ఒకసారి నొక్కిన స్విచ్చి లోపల రేకు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడి, నాలుగుసార్లు నొక్కినట్టు చిప్పుకు కనిపించవచ్చు. "నా తప్పు కాదు" అని ముందే తీర్మానించుకున్నవారు ఇక్కడ నిలవలేరు.

చేసినదాన్ని రాసిపెట్టడం కూడా ఉద్యోగంలో భాగమే. అర్తుఖీ పాలకుల కొలువులో పనిచేసిన అల్-జజరీ నీటి గడియారాలు, నీళ్లు తోడే యంత్రాల వంటివి తయారుచేసి, 1206లో వాటన్నిటి నిర్మాణాన్ని బొమ్మలతో సహా గ్రంథంగా రాశాడు. అందుకే ఎనిమిది శతాబ్దాల తర్వాత కూడా వాటిని మళ్లీ కట్టి చూడగలిగారు. తన తర్వాతివారికి అర్థమయ్యేలా రాయడం మన పెద్దలు చూపిన దారి.

మెట్లు

ఇంజనీరింగులో ఈసీఈ, ఈఈఈ, సీఎస్ఈ చదివినవారు ఈ దారికి రావచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా వారు బోర్డుల పరీక్ష విభాగంలో చేరి పైకి రావచ్చు. డిగ్రీ తర్వాత సీ-డాక్ సంస్థ సీ-క్యాట్ పరీక్ష ద్వారా చేర్చుకునే ఎంబెడెడ్ పీజీ డిప్లొమా ఒకటుంది. మొదటి రెండేళ్లు పరీక్షలు చేయడం, చిన్న చిన్న భాగాలు రాయడం. తర్వాత ఒక భాగం మొత్తం బాధ్యత. ఎనిమిది, పదేళ్లకు యంత్రం మొత్తం ఎలా ఉండాలో నిర్ణయించే స్థాయి, లేదా మోటారు నియంత్రణ, వాహన భద్రత వంటి ఒక రంగంలో నైపుణ్యం. హైదరాబాదులో ఈసీఐఎల్, రక్షణ పరిశోధన ప్రయోగశాలలు, చిప్పుల కంపెనీలు ఉన్నాయి. వాహనాల పనికి బెంగళూరు, పుణె, చెన్నై పేరుపడ్డాయి.

ఉన్నమాట చెప్పాలి. మామూలు ఐటీతో పోలిస్తే కొత్తవారికి ఇక్కడ ద్వారాలు తక్కువ. మొదటి ఉద్యోగానికి ఎక్కువ కాలం ఆగాల్సి రావచ్చు. కానీ చేతికి వచ్చిన పని త్వరగా పాతబడదు.

అనుభవం కొనుక్కోవచ్చా?

ఈ ఆగవలసిన కాలమే పరీక్ష. కొంత డబ్బు కడితే మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు ఇచ్చే చోట్లున్నాయని అందరికీ తెలుసు. ఒక తండ్రి మా దగ్గరికి వచ్చి, సంఘం ఇచ్చిన డబ్బును దానికి వాడుకోవచ్చా అని అమాయకంగానే అడిగారు. కూడదన్నాం. ఆ అబ్బాయి ఏడాది ఖాళీగా ఉన్నాడు. తండ్రి కొన్నాళ్లు మాతో మాట్లాడలేదు. ఆ నెలల్లో మాకూ నిద్ర సరిగా పట్టలేదు. చివరికి ఇన్వర్టర్లు తయారుచేసే చిన్న కార్ఖానాలో బోర్డులు పరీక్షించే పనిలో చేరాడు. ఇప్పుడు అక్కడే ప్రోగ్రాములు రాస్తున్నాడు. జీతం తోటివారి కంటే ఇంకా తక్కువే. కానీ తన కాగితంలో ఉన్న ప్రతి మాటకూ జవాబు చెప్పగలడు.

మేము ఎందుకు కాదన్నామో చెప్పాలి. 2020లో రెండు తెలుగు రాష్ట్రాల పెట్రోలు బంకుల్లో సాగిన ఒక మోసాన్ని సైబరాబాద్ పోలీసులు బయటపెట్టారు. పంపులో అమర్చిన చిప్పు వల్ల తెర మీద లీటరు కనబడుతుంది, బండిలో పడేది 970 మిల్లీలీటర్లే. కొనేవాడి కంటికి ఏమీ తెలియదు. కొలతల్లో తగ్గించేవారిని దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. ఆ పేరుతోనే ముతఫ్ఫిఫీన్ సూరా ఉంది. నాడు త్రాసు పట్టుకున్న చేతిలో ఉన్న అమానత్ నేడు చిప్పు రాసే చేతిలో ఉంది. రాని పనిని వచ్చునని చెప్పి ఆ కుర్చీలో కూర్చోవడం కూడా తగ్గించిన తూకమే.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

విద్యార్థులు రెండో సంవత్సరంలోనే ఒక చిన్న బోర్డు కొని మూడు వస్తువులు సొంతంగా చేయండి: నీళ్ల ట్యాంకు నిండితే మోటారు ఆపేది, గది వేడిమి చూపేది, సెహ్రీ వేళకు మోగేది. మూడోదాన్ని ఆపకుండా యాభై రోజులు నడిపించి చూడండి. ఎక్కడ తప్పు వచ్చిందో, ఎలా దిద్దారో నోటుపుస్తకంలో రాయండి. ఇంటర్వ్యూలో ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది. అబ్బా, చిన్నాన్న షెడ్డులో టంకం పెడుతుంటే సిగ్గుపడకండి, పక్కన కూర్చుని నేర్చుకోండి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పక్కింటి పిల్లల జీతంతో పోల్చి తొందరపెట్టకండి. మన పిల్లలు రాసిన వరుస మీద ఎక్కడో ఒక రోగి ప్రాణం, ఒక పేదవాడి లీటరు పెట్రోలు ఆధారపడి ఉంటాయి. ఆ నమ్మకాన్ని నిలబెట్టే నేర్పును, ఓర్పును, హలాల్ సంపాదనను అల్లాహ్ మన బిడ్డలకు ప్రసాదించుగాక. ఆమీన్.