నడుం నొప్పి - సూదుల వైద్యం

నాటు వేయాలంటే వంగాలి. కలుపు తీయాలంటే వంగాలి. పత్తి ఏరినా, బిందె ఎత్తినా నడుం మీదే భారం. అందుకే నడుం నొప్పి తెలియని ఆడకూలీ ఉండదు.

నొప్పి ఎక్కువైతే కాపడం పెట్టుకుంటారు. బామ్ రాసుకుంటారు. అప్పటికీ తగ్గకపోతే పట్నం పోతారు. అక్కడ "ఆక్యుపంక్చర్" అనే బోర్డు కనిపిస్తుంది.

"చైనా సూదులంట. నడుం నొప్పి పోతదంట" అని ఒకామె అంటుంది.

"నిజమేనా అక్కా? పైసలు పెట్టొచ్చునా?" అని ఇంకొకామె అడుగుతుంది.

ఈ పాఠం ఆ ప్రశ్న గురించే.

ఆక్యుపంక్చర్ అంటే ఏమిటి?

ఇది చైనా దేశపు పాత వైద్యం. చాలా సన్నని సూదులను ఒంటి మీద కొన్ని చోట్ల గుచ్చుతారు. కొంతసేపు అట్లాగే ఉంచి తీసివేస్తారు. డాక్టరు ఇచ్చే సూదిలో మందు ఉంటుంది. ఈ సూదిలో మందు ఉండదు.

పని చేస్తుందా?

ఒకామె సూదులు గుచ్చించుకుంది. నెలకు నొప్పి తగ్గింది. సూదుల వల్లనే తగ్గిందా? చెప్పలేం. నడుం నొప్పి చాలాసార్లు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది.

కొత్త విత్తనం మంచిదో కాదో రైతు ఎట్లా తెలుసుకుంటాడు? ఒకే చెలకలో సగం పాత విత్తనం, సగం కొత్త విత్తనం వేస్తాడు. ఎరువు, నీళ్లు ఒకే తీరుగా పెడతాడు. పంట వచ్చాక రెండూ తూచి చూస్తాడు. వైద్యులు కూడా ఇట్లాగే చేశారు.

జర్మనీ దేశంలో చాలా కాలంగా నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు పద్ధతి ప్రకారం సూదులు గుచ్చారు. రెండో గుంపుకు ఉత్తుత్తి సూదులు గుచ్చారు. అంటే వేరే చోట్ల, పైపైన గుచ్చారు. తమకు ఏ సూదులు గుచ్చారో వాళ్లకు తెలియదు. మూడో గుంపుకు మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం చేశారు.

ఆరు నెలలకు లెక్క చూశారు. 2007లో ఫలితం చెప్పారు.

అసలు సూదుల వాళ్లలో 100కు ఇంచుమించు 48 మందికి మేలు కనిపించింది.
ఉత్తుత్తి సూదుల వాళ్లలో 100కు 44 మందికి కనిపించింది.
మామూలు వైద్యం వాళ్లలో 100కు 27 మందికి కనిపించింది.

అమెరికాలో 638 మందితో ఇంకో పరీక్ష చేశారు. 2009లో ఫలితం వచ్చింది. అక్కడ ఒక గుంపుకు సూదులే గుచ్చలేదు. పళ్లు కుట్టుకునే పుల్లతో చర్మం మీద తాకించారు. వాళ్లకూ అసలు సూదుల వాళ్లతో సమానంగా మేలు కనిపించింది.

దీని అర్థం ఏమిటి? సూదుల వైద్యం చేయించుకున్న వాళ్లలో కొందరికి ఉపశమనం దొరుకుతుంది. అది అబద్ధం కాదు. కానీ ఆ మేలు ఎక్కువగా సూది మొనలో లేదు. కాసేపు నడుం వాల్చడం, ఒకరు శ్రద్ధగా చూడడం, తగ్గుతుందనే నమ్మకం - ఇవి కూడా నొప్పిని తగ్గిస్తాయి.

2020లో 33 పరీక్షలను కలిపి చూశారు. అందులోనూ ఇంచుమించు ఇదే తేలింది. అందుకే పెద్దల మాట కూడా ఒక్కటిగా లేదు. 2016లో బ్రిటన్ వైద్య సంస్థ నడుం నొప్పికి ఈ సూదులు వద్దన్నది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, చాలా కాలంగా నొప్పి ఉన్నవాళ్లు వాడి చూడవచ్చన్నది. వ్యాయామం కూడా చేయాలన్నది.

నల్గొండలో ఇంకో సంగతి

ఈ జిల్లాలో నడుం నొప్పికి నీళ్లు కూడా కారణం కావచ్చు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా ఒకటిన్నర దాటకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్నెముక కర్రలా బిగుసుకుంటుంది. మెడ తిరగదు, నడుం వంగదు. నల్గొండ జిల్లాలోని ఈ జబ్బు గురించి డాక్టర్ సిద్దిఖీ 1955లోనే బ్రిటన్ వైద్య పత్రికలో రాశారు.

ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను ఏ సూదీ బయటికి తీయలేదు. ఇక్కడ అసలు మందు మంచి నీళ్లే. తాగడానికీ వండడానికీ నల్లా ద్వారా వచ్చే శుద్ధి చేసిన నది నీళ్లు వాడాలి. బోరు నీళ్లు తాగక తప్పకపోతే ముందు పరీక్ష చేయించాలి.

ఏం చేయాలి?

నొప్పి ఉందని రోజుల తరబడి పడుకోవద్దు. మెల్లగా నడవాలి, చేతనైన పని చేయాలి. బరువు ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచాలి.

సూదులు గుచ్చించుకోవాలనుకుంటే చదువుకున్న వైద్యుడి దగ్గరకే పోవాలి. కొత్త సూదులు కళ్ల ముందే విప్పించాలి. ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడితే ఎయిడ్స్, కామెర్లు అంటుకోవచ్చు. అప్పు చేసి, మేకలు అమ్మి ఈ వైద్యం చేయించుకోవద్దు.

ఈ గుర్తులు ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి:

కాళ్లు పట్టు తప్పడం.
ఒంటికి, రెంటికి పోయే చోట తిమ్మిరి.
మూత్రం బిగుసుకోవడం, లేదా తెలియకుండా పోవడం.
సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. ఇది వెన్నెముక క్షయ కావచ్చు.
కిందపడిన తర్వాత మొదలైన నొప్పి.

మాట్లాడుకోండి

1. ఉత్తుత్తి సూదులు ఎందుకు గుచ్చి చూశారు?
2. "ఆమెకు తగ్గింది, నాకూ తగ్గుతది" అనుకోవచ్చా? ఎందుకు?
3. మీ ఊళ్లో తాగే నీళ్లు ఎక్కడివి? వాటిని పరీక్ష చేశారా? పంచాయతీలో అడిగి తెలుసుకోండి.