పెరటి కోళ్లు, తిరిగే కుక్కలు: కోవిల్‌పట్టి, విరుదునగర్ వాసులు తరచూ అడిగే ప్రశ్నలు

కింది సమాధానాల్లో "వీధి కుక్క" అంటే యజమాని లేనిది. "పెంపుడు కుక్క" అంటే ఒకరు తమదిగా ఉంచుకున్నది. గొలుసు లేకుండా ఊరంతా తిరిగినా అది పెంపుడు కుక్కే. దారిన పోయే కుక్కకు అన్నం పెట్టినంత మాత్రాన ఎవరూ దానికి యజమాని కారు. "స్థానిక సంస్థ" అంటే పట్టణంలో మున్సిపాలిటీ, పల్లెలో గ్రామ పంచాయతీ. దాడి చేసింది ఏ కుక్కో ముందు తేల్చుకోండి. నోటీసు ఎవరికివ్వాలి, అర్జీ ఎవరికి పెట్టాలి అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

1. కోడిని పట్టుకున్న కుక్కను కొట్టవచ్చా?

అదిలించవచ్చు, నీళ్లు చల్లవచ్చు, కర్రతో తరమవచ్చు. ఆత్మరక్షణ హక్కు నేరం చేసే మనిషి మీద వర్తిస్తుంది. కుక్క నేరం చేయదు. కాబట్టి మీకు ఆసరా అయ్యేది భారతీయ న్యాయ సంహిత, 2023లోని సెక్షన్ 19: దురుద్దేశం లేకుండా, మరో హానిని ఆపడానికి సద్భావంతో చేసిన పని నేరం కాదు. ఈ రక్షణ దాడి జరుగుతున్నంత సేపే. కోడిని వదిలి వెళ్లిన కుక్కను మర్నాడు వెతికి కొడితే వర్తించదు.

2. విషం పెట్టవచ్చా? కంచెకు కరెంటు ఇవ్వవచ్చా?

రెండూ కూడదు. జంతువును చంపడం, విషం పెట్టడం ద్వారా నష్టం కలిగిస్తే న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జంతు హింస నివారణ చట్టం, 1960 దీనికి అదనం. పురుగుమందు కలిపిన గింజలో, మాంసమో పొలం గట్టున పడితే నెమళ్లు కూడా తింటాయి. నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అప్పుడు మీ మీద కేసు పెట్టేది అటవీ శాఖ. ఇంటి లైను నుంచి కంచెకు తీగ లాగితే, దాన్ని తాకి మనిషి చనిపోయిన పక్షంలో న్యాయ సంహిత సెక్షన్ 106 కింద కేసు తప్పదు.

3. కోళ్లు చనిపోతే మొదట ఏం చేయాలి?

పాతిపెట్టకండి, కోసుకోకండి. కళేబరాలు, చెదిరిన ఈకలు, తిరగబడిన గంప, కాలి గుర్తులు, ఇవన్నీ తేదీ, సమయం కనబడేలా ఫొటో తీయండి. ప్రభుత్వ పశువైద్యుడికి చూపించి, మరణ కారణంతో ధ్రువపత్రం అడగండి. ముంగిస సాధారణంగా మెడ, తల దగ్గర కొరుకుతుంది. కుక్క దొరికినవాటినల్లా విదిలించి, సగం తినకుండానే వదిలేస్తుంది. ఈ తేడా ధ్రువపత్రంలో రాకపోతే ఎదుటి పక్షం "మా కుక్క కాదు, ముంగిస" అంటుంది. అదే రోజు గ్రామ పాలనాధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి.

4. అది పక్కింటివారి పెంపుడు కుక్క. ఏం చేయగలను?

ఈ ప్రాంతంలో ఇది చిన్న ప్రశ్న కాదు. చిప్పిపారై, కన్ని జాతుల పుట్టినిల్లు ఇక్కడే, రాజపాళయం జాతి ఊరూ దగ్గరే. మొదటి రెండూ కుందేళ్ల వెంట పరుగెత్తే వేటకుక్కలు. పరుగు తీసే కోడి కనబడితే ఆగవు.

యజమానికి స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో నోటీసు పంపండి: తేదీ, చనిపోయిన కోళ్ల సంఖ్య, విలువ, కుక్కను కట్టి ఉంచాలన్న కోరిక. పరిహారం దావాలో మీరు రుజువు చేయాల్సింది యజమాని నిర్లక్ష్యాన్ని, లేదా కుక్క స్వభావం ఆయనకు ముందే తెలుసన్న సంగతిని. నోటీసు అందాక జరిగే రెండో దాడికి "నాకు తెలియదు" అన్న జవాబు చెల్లదు. నోటీసు అసలు విలువ అదే. దావాకు గడువు నష్టం జరిగిన నాటి నుంచి మూడేళ్లు.

ఒక జాగ్రత్త. తన జంతువు విషయంలో నిర్లక్ష్యాన్ని శిక్షించే న్యాయ సంహిత సెక్షన్ 291 మనుషుల ప్రాణానికి, తీవ్ర గాయానికి ముప్పు ఉన్నప్పుడే వర్తిస్తుంది. కోళ్లు చచ్చాయన్న ఒక్క కారణంతో పోలీసులు ఆ సెక్షన్ పెట్టలేరు. కుక్క పిల్లల మీదికి కూడా వస్తూ ఉంటే ఆ విషయం ఫిర్యాదులో విడిగా రాయండి.

5. వీధి కుక్కలను తీసుకుపొమ్మని స్థానిక సంస్థను అడగవచ్చా?

"తీసుకుపోండి" అని కాదు, "పట్టి, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేయండి" అని అడగండి. 2023 మార్చి నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, చికిత్స తర్వాత వీధి కుక్కను పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇదే చెబుతూ, రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మినహాయించింది. 2025 నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల వేరే ఆదేశం ఇచ్చింది. అది మీ పెరటికి వర్తించదు. తర్వాతి ఆదేశాలున్నాయేమో అర్జీకి ముందు సరిచూసుకోండి.

6. ప్రభుత్వం పరిహారం ఇస్తుందా?

తిరుప్పూరు జిల్లా పశుపోషకుల ఆందోళన తర్వాత, వీధి కుక్కల దాడిలో చనిపోయిన పశువులు, మేకలు, కోళ్లకు సాయం ఇస్తామని తమిళనాడు ప్రభుత్వం 2025లో ప్రకటించింది. పెంపుడు కుక్క చంపితే ఇది వర్తించదు. సాయం అడిగేటప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వు రేటునే అడగండి. మంచి నాటుకోడి సంత ధర రాకపోవచ్చు.

7. అర్జీ తెలుగులో ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడే నాయుళ్లు, రెడ్డియార్లు, కంబళత్తార్లు అందరికీ ఈ హక్కు ఉంది. అయినా తమిళ ప్రతి జత చేయండి. లేకపోతే ఫైలు అనువాదం కోసం ఆగుతుంది.

8. నా వైపు బాధ్యత ఏమైనా ఉందా?

ఉంది. కోళ్లను వీధిలోకి వదిలితే మీ నిర్లక్ష్యం కూడా లెక్కలోకి వచ్చి పరిహారం తగ్గవచ్చు. సన్న కోళ్ల వలను కుక్క పళ్లతో చింపుతుంది. వెల్డ్‌మెష్ వాడి, అడుగున ఒక అడుగు లోతు పాతండి. గంప కింద కమ్మితే పైన బండరాయి ఒకటి పెట్టాలి.

9. అర్జీ మీద స్థానిక సంస్థ కదలకపోతే?

కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల దినాన, లేదా ముఖ్యమంత్రి సహాయవాణి 1100కు ఫిర్యాదు చేసి, నమోదు సంఖ్య భద్రపరచండి. సమాచార హక్కు చట్టం కింద మీ వార్డులో చివరిసారి ఎప్పుడు, ఎన్ని కుక్కలకు శస్త్రచికిత్స చేశారో అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. స్థానిక సంస్థ మీద దావా వేయాలనుకుంటే ముందస్తు నోటీసు, ప్రత్యేక గడువులు ఉండవచ్చు. మూడేళ్లున్నాయనుకొని ఆగకుండా, మొదటి నెలలోనే న్యాయవాదిని కలవండి.