ఏ కంపెనీ సార్?

నాకిప్పుడు డెబ్బై రెండేళ్లు. అందులో ఇరవై ఆరేళ్లు విత్తన కంపెనీల ఫీల్డ్ మనిషిగా గడిచాయి. గద్వాల వైపు నడిగడ్డలో పత్తి విత్తనం, హుజూరాబాద్ వైపు మక్క విత్తనం, చివరికి గోదావరి ఒడ్డున మా ములుగు ప్రాంతం. బండి మీద తిరగడం, పంట చూడడం, రైతుతో సంతకం పెట్టించుకోవడం, పై వాళ్లకు రిపోర్టు రాయడం నా పని.

మొన్న మనవరాలు హైదరాబాద్‌లో ఓ పెద్ద కంపెనీలో చేరింది. "తాతా, మా దగ్గర మానవ హక్కుల పాలసీ అని ఒకటుంది. నలభై పేజీలు. నువ్వు పనిచేసినప్పుడు ఉండేదా?" అని అడిగింది. ఉంటే మాత్రం అది మా గట్ల దాకా రాలేదు. గట్ల మీద నేను నేర్చుకున్నవి ఆ పిల్ల కోసం రాసిపెట్టాను. ఆ వయసు వాళ్లు ఇంకెవరైనా చదివినా మంచిదే.

1. పని ఎవరి కోసం చేస్తున్నాడో మనిషికి తెలియాలి

ఆడ–మగ మక్క అంటారు మా దగ్గర. నాలుగు సాళ్లు ఆడ మొక్కలు, పక్కన మగ మొక్కల సాలు. ఆడ మొక్కకు జల్లు తొంగిచూడగానే పీకెయ్యాలి. ఒక్క మొక్కను మరిచినా, ఒక్క రోజు ఆలస్యం చేసినా విత్తనం చెడుతుంది. తెల్లవారుజామున మంచులో తడుస్తూ ఆడవాళ్లు సాలు సాలునా నడిచి చేసే పని ఇది. ఆ విత్తనం తర్వాత రంగురంగుల సంచుల్లో దేశమంతా అమ్ముడుపోతుంది. పండించే రైతుకు వచ్చే సంచి మీద మాత్రం ఓ కోడ్ నంబరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

విత్తనం తెచ్చిచ్చేది ఆర్గనైజర్. ఎరువులు, మందులు, చేతిఖర్చులకు పైసలు, అన్నీ ఆయనే వడ్డీకి ఇస్తాడు. తూకం వేసేదీ ఆయనే, పట్టీ రాసేదీ ఆయనే. ఆయన వెనక ఏ కంపెనీ ఉందో ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఒక ఏడు వెంకటాపురం వైపు ఒక గూడెంలో ఓ కోయ రైతు పంట మొలక పరీక్షలో పోయింది. రిజెక్ట్ అని రాసింది నేనే. ఆయన అరవలేదు, తిట్టలేదు. మంచం వేసి కూర్చోమని, నీళ్లిచ్చి, "ఏ కంపెనీ సార్?" అని అడిగాడు. పేరు చెప్పొద్దని మాకు పైనుంచి మాట. "ఆర్గనైజర్‌ను అడుగు" అన్నాను. "ఆయన మిమ్మల్నే అడగమన్నడు" అన్నాడు. నేను బండెక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచినా ఆ మంచం, ఆ నీళ్ల చెంబు నా కళ్లలోంచి పోలేదు.

2011 జూన్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి వ్యాపార సంస్థల కోసం 31 సూత్రాలను ఆమోదించింది. జాన్ రగ్గీ అనే ప్రొఫెసర్ ఆరేళ్లు శ్రమపడి వాటిని తయారుచేశాడు. ఈ మధ్యనే మనవరాలు చదివి వినిపించింది. పదమూడో సూత్రం దగ్గర ఆగి మళ్లీ చదవమన్నాను. హాని కంపెనీ స్వయంగా చేయకపోయినా, దానితో వ్యాపారం చేసేవాళ్ల వల్ల దాని సరుకుతో ముడిపడి జరిగినా, ఆ హానిని ఆపడానికి కంపెనీ పూనుకోవాలని అందులో ఉంది. అంటే "అది ఆర్గనైజర్ చూసుకోవాలి" అనే మాట చెల్లదు. నేను ఆ గూడెంలో అన్నది సరిగ్గా ఆ మాటే.

2. కొలత ఒక్కరి చేతిలోనే ఉంచకూడదు

మా బాపు తునికాకు కల్లేదారు. ఎండాకాలం కల్లంలో కట్టలు లెక్కపెట్టి కాంట్రాక్టర్‌కు అప్పజెప్పేవాడు. కట్టకు 50 ఆకులు. కోయ ఆడవాళ్లు చీకటితో అడవికి పోయి, మధ్యాహ్నం దాకా ఆకు తెంపి, ఇంటికొచ్చి నారతో కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి తెచ్చేవాళ్లు. నూరు కట్టలకు పైన అయిదు కొసరు ఇవ్వాలని కాంట్రాక్టర్ నియమం. చిరుగు ఆకు, ముదురు ఆకు పేరుతో ఇంకొన్ని పోయేవి. నాకు పదేళ్లు. బాపు పక్కన కూర్చుని నేనూ లెక్కపెట్టేవాణ్ని. కొసరు కట్టలకు పైసలు ఎందుకివ్వరని ఓసారి అడిగితే బాపు మాట్లాడలేదు. ఆ రాత్రి అమ్మతో "పోరడు అడిగిండు" అని మాత్రం అన్నాడట.

పెద్దయ్యాక కంపెనీలోనూ అదే చూశాను. ఆకు కట్టల స్థానంలో తేమ శాతం, మొలక శాతం వచ్చాయి. శాంపిల్ తీసేది కంపెనీ, పరీక్షించేది కంపెనీ, ఫలితం చెప్పేది కంపెనీ. రెండో శాంపిల్‌కు సీలు వేసి రైతు దగ్గర ఉంచి, తేడా వస్తే ప్రభుత్వ ల్యాబ్‌కు పంపితే పెద్ద ఖర్చేమీ కాదు. రెండుసార్లు రాసి పంపాను. జవాబు రాలేదు.

3. తెల్ల కాగితం మీద సంతకం తీసుకోకు

నేను తీసుకున్నాను. అందుకే చెబుతున్నాను. "ఫారం తర్వాత నింపుతాం" అని చెప్పేవాళ్లం. దాని నకలు రైతుకు ఇచ్చింది లేదు.

అలాంటి పద్ధతి ఎక్కడికి దారితీస్తుందో 2024–25 యాసంగిలో మా జిల్లాలోనే చూశాం. వాజేడు, వెంకటాపురం, కన్నాయిగూడెం మండలాల్లో విత్తన మక్క వేసిన గిరిజన రైతులు దెబ్బతిన్నారు. పంట చేతికి రాలేదు, అప్పు నెత్తి మీద మిగిలింది. రైతులు, సంఘాలు గట్టిగా నిలబడ్డాక కోదండరెడ్డి అధ్యక్షుడిగా ఉన్న రాష్ట్ర రైతు కమిషన్ వచ్చి పొలాలు చూసింది. నెలల తరబడి చర్చలు నడిచాయి. చివరికి 2025 జులైలో ఆరు వందలకు పైగా రైతులకు దాదాపు 3.8 కోట్ల రూపాయల పరిహారం అందింది. మంత్రులు స్వయంగా వచ్చి పంచారు.

ఇది చిన్న విషయం కాదు. ఇరవై ఆరేళ్ల నా ఉద్యోగంలో పండించిన రైతుకు పరిహారం ఇప్పించడం నేను ఒక్కసారీ చూడలేదు. కానీ దీని కోసం కమిషన్ రావాలా, కలెక్టర్ కూర్చోవాలా, మంత్రులు కదలాలా? ఎన్నెకరాలు, ఏ రకం, కనీస దిగుబడి ఎంత, పంట పోతే నష్టం ఎవరిది? ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసిన ఒక కాగితం రైతు ఇంట్లో ఉంటే సగం పోరాటం తప్పేది. 1966 నాటి విత్తన చట్టం చూసేది అమ్మే విత్తనం నాణ్యతను. విత్తనం పండించే రైతుకు, పండించుకునే కంపెనీకి మధ్య ఏముండాలో అది చెప్పదు. చట్టంలో లేదు కదా అని కంపెనీలు ఇన్నాళ్లు ఊరుకున్నాయి. చట్టం చెప్పకపోయినా చేయవలసినదాన్ని చేస్తేనే గౌరవించినట్టు అని నేనంటాను.

ఇంకో సంగతి. మా ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుడు భూమి కొనలేడు. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టి చేసింది. బొర్రా గుహల దగ్గరి అనంతగిరి మండలం గనుల మీద నడిచిన కేసు అది. ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర 'వ్యక్తి' కిందికే వస్తుంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో దానికి గనుల లీజు చెల్లదు అని తీర్పు. మంచి తీర్పు. కానీ విత్తన ఒప్పందంలో భూమి చేతులు మారదు. పట్టా రైతు పేరునే ఉంటుంది, పంట గింజ గింజా కంపెనీది, నష్టం మాత్రం మళ్లీ రైతుదే. ఈ సందును ఏ కోర్టూ ఇంకా మూసినట్టు లేదు. 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన పెద్దరికాన్ని ఇక్కడ వాడుకోవచ్చు. ఒప్పందాన్ని సభలో చదివి వినిపించమని ఊరు అడగవచ్చు. తెలుగు తడుముకునే పెద్దవాళ్లకు కోయలో చెప్పించవచ్చు.

4. కరువులో కప్పం అడగొద్దు

మేడారం మా జిల్లాలోనే ఉంది. రెండేళ్లకోసారి మాఘంలో కోటి మందికి తగ్గకుండా వచ్చే ఆ జాతర వెనక కథ అందరికీ తెలుసు. కరువొచ్చి కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ రాజు సైన్యాన్ని పంపాడు. సమ్మక్క, సారలమ్మ నిలబడి పోరాడారు. సమ్మక్క కొడుకు జంపన్న వాగులో పడ్డాడు. ఆ వాగులో స్నానం చేసి బెల్లం బంగారం మొక్కు చెల్లించిన ఆర్గనైజర్లను నేను చాలామందిని చూశాను. వాళ్లే పంట పోయిన ఇంటికి వెళ్లి పెట్టుబడి వడ్డీతో కట్టమని కూర్చునేవాళ్లు. అందరూ చెడ్డవాళ్లు కారు. వాళ్ల మీద కంపెనీ ఒత్తిడి ఉండేది. పంట పోయిన ఏడు పెట్టుబడి వసూలు ఆపమని కంపెనీ ఒక్క ఉత్తరం రాస్తే చాలు. నేను కోరేది ఆ ఉత్తరమే.

5. ధరలోనే పిల్లల సంగతి ఉంది

నడిగడ్డలో పత్తి విత్తనానికి క్రాసింగ్ చేయాలి. సాయంత్రం మొగ్గను విప్పి మగ భాగం తీసేయాలి, పొద్దున మరో రకం పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. పువ్వు పువ్వుకూ, వంద రోజుల దాకా. చిన్న వేళ్లు, తక్కువ కైకిలి, వంగడానికి అనువైన ఎత్తు అని చెప్పి ఆడపిల్లలను పెట్టేవారు. బడి మాన్పించి, ముందుగా అడ్వాన్స్ ఇచ్చి తెచ్చేవాళ్లు. మందు కొట్టిన చేలో తలనొప్పితో కూర్చున్న పిల్లలకు నేను గోలీలు పంచాను. దాన్ని సాయం అనుకున్నాను.

2003లో దావులూరి వెంకటేశ్వర్లు ఈ పొలాల మీద అధ్యయనం చేసి బహుళజాతి కంపెనీల పేర్లతో సహా బయటపెట్టారు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పల్లెల్లో అప్పటికే పోరాడుతున్నారు. యూరప్‌లో కొనేవాళ్లు, వాటాదారులు అడిగేసరికి కంపెనీలు కదిలాయి. పిల్లలను పెట్టని రైతుకు కొనుగోలు ధర మీద 5 శాతం బోనస్, పెట్టినవాడితో తెగతెంపులు అని ఒప్పుకున్నాయి. అప్పటి దాకా "రైతులకు చెప్పాం, వినడం లేదు" అనేదే మా పాట. కంపెనీలు ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కైకిలి గిట్టదని వెంకటేశ్వర్లు గారు లెక్కగట్టి చూపాక ఆ పాట ఆగింది. తక్కువ ధరకు కొంటూ పిల్లలను పెట్టొద్దని నోటీసు అంటించడం ఉత్త మాట.

ఇక మా గోదావరి ఒడ్డు మిర్చి. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస కూలీలు వచ్చి మిరప కాయ ఏరుతారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో పేరూరు మిరప చేలకు వచ్చిన పన్నెండేళ్ల బీజాపూర్ పిల్ల, బస్సుల్లేక తోటివాళ్లతో అడవి దారిన మూడు రోజులు నడిచి, ఇల్లు చేరకుండానే చనిపోయింది. దేశమంతా పేపర్లు రాశాయి. ఆ చేలలో ఏరిన కాయ మార్కెట్లు దాటి, మిల్లులు దాటి, ఎవరెవరి ప్యాకెట్లలోకి వెళుతుందో గానీ, ఆ ప్యాకెట్ మీద పేరున్న ఏ కంపెనీ జీతాల పట్టికలోనూ ఆ పిల్ల ఉండదు. జీతాల పట్టిక దగ్గరే ఆగే పాలసీకి ఆ పిల్ల కనపడదు. దీని మీద ఇంకా రాయాలని ఉంది. రాయలేకపోతున్నాను.

6. జీతం ఆగిన మొదటి నెలే అడగండి

మంగపేట మండలం కమలాపురంలో రేయాన్ గుజ్జు మిల్లు ఉండేది. ఏపీ రేయాన్స్‌గా మొదలై, తర్వాత బిల్ట్ కంపెనీ చేతిలోకి వెళ్లింది. 2014లో ఉత్పత్తి ఆగింది. కార్మికులు జీతాల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2020లో కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది. దివాలా చట్టంలో ఆస్తులు అమ్మి పంచే వరుసలో కార్మికుల బాకీకి 24 నెలల మేరకే ముందు వరుస. అంతకు మించిన బాకీ వెనక్కి జరుగుతుంది. ఇది మన పిల్లలు ఉద్యోగంలో చేరిన రోజే తెలుసుకోవలసిన సంగతి.

7. దానం వేరు, బాకీ వేరు

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాలి. బడికి బెంచీలు, ఊరికి నీళ్ల ప్లాంటు వస్తాయి. రానివ్వండి. కానీ కొసరు కట్టల పైసలు, రిజెక్ట్ చేసిన పంట డబ్బు, ఎగ్గొట్టిన కైకిలి, ఇవి బాకీలు. బెంచీ ఇచ్చి బాకీ కొట్టేయడం కుదరదు.

స్టాక్ మార్కెట్లో పెద్దవైన వెయ్యి కంపెనీలు ఏటా మానవ హక్కుల సంగతులు కూడా రిపోర్టులో రాయాలని సెబీ 2021లో నియమం పెట్టింది. మనవరాలి కంపెనీ వాటిలో ఒకటి. ఆ రిపోర్టు నింపే బల్ల దగ్గరే ఆ పిల్ల కూర్చుంటుందట. అందుకే ఇంత రాశాను.

తల్లీ, వచ్చే యాసంగికి విత్తనం సంచులు గూడేలకు చేరేది దసరా దాటాకే. అంతకు ముందే ఒకసారి రా. వెంకటాపురం దాకా నేనే తీసుకెళ్తాను. ఆ రైతు ఇంటి ముందు మంచం మీద కూర్చుని, ఏ కంపెనీ అని ఆయన అడిగితే, పేరు చెప్పి, నీ ఫోన్ నంబరు రాసిచ్చి రా.